ఒకటో తారీఖున తడి జుట్టు

(జూన్ 15న ఒక పట్టణంలోని పెన్షనర్ల సంఘం హాల్లో, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగిని చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో మా పెన్షనర్లు, వెనక వరసల్లో సచివాలయం ఉద్యోగులు, ఆశా కార్యకర్తలు కూర్చున్నారు. నన్నడిగితే ఇవాళ వాళ్లను ముందుకు, వీళ్లను వెనక్కు మార్చాలి. నేను చెప్పేదాంట్లో సగానికి పైగా వెనకవాళ్ల కోసమే. ముందువాళ్లు నొచ్చుకోకండి, మాట్లాడేది మీ గురించే కాబట్టి మీరెలాగూ వింటారు. (నవ్వులు) ప్రశ్నలుంటే చీటీ మీద రాసి పంపండి. పేరు అక్కర్లేదు.

2021లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఊరు చెప్పను. అప్పుడు నేను ఆర్డీవో ఆఫీసులో డిప్యూటీ తహసీల్దారుని. తల్లిదండ్రుల పోషణ కేసుల ఫైళ్లు నా టేబుల్ మీదికే వచ్చేవి. పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చేది అప్పట్లో వాలంటీర్లు. ఒక వాలంటీరు అమ్మాయి ఏదో సర్టిఫికెట్ పని మీద వచ్చింది. పనైపోయింది, అయినా వెళ్లకుండా అక్కడే నిలబడింది. ఏంటమ్మా అని అడిగితే, "ఏం లేదు మేడమ్, మా దగ్గర ఒక మామ్మ ఉంది. బాగానే ఉంటుంది. ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటుంది. కానీ ఎప్పుడెళ్లినా జుట్టు తడిగానే ఉంటుంది మేడమ్" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. తలస్నానం చేసి ఉంటుంది, అందులో ఏముంది? తర్వాత వెలిగింది. ఈ అమ్మాయి వెళ్లేది ప్రతి నెలా ఒకటో తారీఖునే. అంటే ఆ మామ్మకు స్నానం పింఛను రోజు మాత్రమే. చీర మార్చేది, అరుగు మీదికి తెచ్చేది కూడా ఆ రోజే. మిగతా రోజులు ఎక్కడ ఉంటోంది? మేము వెళ్లి చూస్తే వెనక గొడ్ల చావిట్లో, గడ్డి మోపుల పక్కన నులకమంచం. మంచం కిందే చెంబు, పళ్లెం. వీపు మీద రూపాయి బిళ్లంత పుండ్లు రెండు.

నేను పక్కన కూర్చుని, "పింఛను ఎంతొస్తోంది మామ్మా" అని అడిగాను. "రెండొందలు కదమ్మా" అంది. అప్పటికి పింఛను 2250. రెండొందలన్నది 2014కు ముందు మాట. వేలిముద్ర ఆవిడ వేస్తోంది, నోట్లు కొడుకు తీసుకుంటున్నాడు. ఏళ్ల తరబడి డబ్బు తన చేతికి రాకపోతే, పెరిగిందని ఎలా తెలుస్తుంది?

ఆ అమ్మాయి దగ్గర రుజువు లేదు. ఎవరూ కొట్టడం చూడలేదు, అరుపు వినలేదు. ఒక అనుమానం వచ్చింది, దాన్ని మనసులో పెట్టుకోకుండా వచ్చి చెప్పింది. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే. ముసలివాళ్ల మీద, వికలాంగుల మీద జరిగేవి బాధితులు వచ్చి చెప్పగా బయటపడినవి నా సర్వీసులో బహు తక్కువ. చూసినవాళ్లు చెప్పగా బయటపడినవే ఎక్కువ. చూసినవాళ్లు నోరు మూసుకున్నవి ఎన్నో ఆ దేవుడికే తెలియాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపుకు గురవుతున్నారు. ఆశ్రమాలు, సంరక్షణ కేంద్రాల సంగతి ఇంకా ఘోరం. అక్కడ పనిచేసే సిబ్బందిలో ముగ్గురిలో ఇద్దరు, గడిచిన ఏడాదిలో తామే ఏదో ఒక విధంగా వేధించామని ఒప్పుకున్నారు. మన దేశంలో 2017-18లో పెద్ద వయసువాళ్ల స్థితిగతుల మీద చేసిన లాసీ అనే పెద్ద సర్వే ఇంటింటికీ తిరిగి అడిగితే మాత్రం, తమను సరిగా చూడటం లేదని చెప్పిన వృద్ధులు సుమారు 5 శాతమే. మనవాళ్లు అంత మంచివాళ్లని సంతోషించొచ్చు. నాకైతే ఆ నమ్మకం లేదు. మన ఇళ్లలో పెద్దావిడను ఎవరైనా ఏదైనా అడిగితే, పక్కన కోడలు, గుమ్మంలో కొడుకు నిలబడే ఉంటారు కదా.

అయినా ఒంటరిగా అడిగితే చెప్తారా? చెప్పరు. ఒక తల్లి అర్జీ పెట్టింది. కొడుకు చెయ్యి చేసుకున్నాడని, రాత్రి బయటపెట్టి గొళ్లెం వేశాడని రాయించింది. నోటీసు పంపాం. వాయిదా రోజున ఆవిడ వచ్చి అర్జీ వెనక్కి తీసుకుంటానంది. ఎందుకమ్మా అంటే, "రేపు తలకొరివి పెట్టాల్సింది వాడే కదమ్మా" అంది. అప్పుడు నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. బతికున్నప్పుడు అన్నం పెట్టనివాడి చేత చచ్చాక కొరివి పెట్టించుకోవాలన్న ఆశ ఎంత బలమైందంటే, దాని ముందు చట్టం చాలదు. ఇక ఇంటి గుట్టు, పరువు, అల్లుడి ముందు తలవంపులు, ఇవన్నీ మీకు నేను చెప్పక్కర్లేదు. వికలాంగుల విషయంలో ఇంకో భయం తోడవుతుంది. "వీళ్లు కూడా వదిలేస్తే నన్నెవరు చూస్తారు?" నోటికి ముద్ద పెట్టే చెయ్యే కొడుతుంటే ఆ చేతి మీద ఫిర్యాదు చెయ్యడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి.

అందుకే గుర్తుపట్టడం మన పని. గుర్తులు అనగానే అందరూ దెబ్బలే అనుకుంటారు. దెబ్బల గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. పెద్దవాళ్ల చర్మం పలచబడుతుంది. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు మంచం కోడు తగిలినా నల్లగా కమిలిపోతుంది. కాబట్టి ప్రతి మచ్చా దెబ్బ కాదు. మోచేతి మీద, మోకాలి మీద ఉన్నవి పడినప్పుడు తగిలేవి. జబ్బల లోపలి వైపు వేళ్ల గుర్తుల్లా ఉంటే, మణికట్లకు చుట్టూ గీత ఉంటే, వీపు మీద, చెవి వెనక ఉంటే ఆగి చూడండి. "బాత్రూంలో జారింది" అని మూడోసారి విన్నప్పుడు, నాలుగోసారి దాకా ఆగకండి.

దెబ్బల కంటే వస్తువులు ఎక్కువ చెప్తాయి. ఇల్లంతా చూడక్కర్లేదు, ఆ మనిషి చుట్టూ ఉన్నవి చూడండి. కళ్లజోడు ఉందా, అద్దం పగిలి ఎన్నాళ్లైంది? చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందా? పళ్ల సెట్టు ఏమైంది? పళ్ల సెట్టు పోయిన మనిషికి రోజూ జంతికలు, చపాతీలు పెడుతుంటే అది కూడా ఆకలితో మాడ్చడమే. మందుల అట్ట మీద తేదీ చూడండి. బీపీ మాత్రల అట్ట రెండు నెలలుగా అలాగే నిండుగా ఉండి, నిద్రమాత్రల అట్ట మాత్రం వారానికి ఖాళీ అవుతుంటే ఎవరి సుఖం కోసం ఆ నిద్ర? గది తలుపుకి గొళ్లెం బయటి వైపు ఎందుకుంది? ఫోన్ ఎవరి దగ్గరుంది? "అమ్మ ఫోన్ మాట్లాడలేదండీ, చెవుడు" అని కొడుకు చెప్పే ఇంట్లో, ఆవిడ మీతో గుమ్మం దగ్గర చక్కగా మాట్లాడితే ఏమనుకోవాలి?

ఇక వంతులు. ముగ్గురు కొడుకులుంటే నెలకొకరి ఇల్లు. ఇది వేధింపని నేను అనను. ప్రేమగా వంతులేసుకుని చూసుకునేవాళ్లున్నారు. కానీ నెలాఖరున గమనించండి. మనిషి ఆటో దిగుతుంది, బట్టల సంచీ దిగుతుంది, మందుల డబ్బా మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోతుంది. కొత్త ఇంట్లో "మా అన్నయ్య పంపలేదు" అంటారు, అక్కడేమో "తమ్ముడు కొంటాడనుకున్నాం" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మధ్యలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. ఎవరూ చెయ్యెత్తకుండానే ఒక మనిషిని మంచాన పడెయ్యొచ్చు.

డబ్బు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దాదాపు ప్రతి ఫైల్లోనూ మొదటి పేజీ డబ్బే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4000, వికలాంగులకు 6000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. మంచి విషయమే. కానీ 15,000 వచ్చే మనిషిని ఇంట్లో పెట్టుకోవడానికి పోటీ పడి, తెచ్చాక మూలన పడేసిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. పింఛను ఇచ్చే ఉద్యోగులు వెనక ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నోట్లు ఎవరి చేతిలో పెడుతున్నారు? లబ్ధిదారు చేతిలోనే పెట్టి, "లెక్కపెట్టుకో మామ్మా" అని అరనిమిషం నిలబడండి. ఆవిడ లెక్కపెడుతుందా, లేక మీ చేతిలోంచి రాగానే కళ్లు కొడుకు వైపు తిరుగుతాయా చూడండి. "ఈ నెల ఎంత?" అని మాటవరసకు అడగండి. మామ్మ "రెండొందలు" అందంటే మీకు తెలిసిపోతుంది.

బ్యాంకులో పనిచేసినవాళ్లు ఇక్కడ ముగ్గురు నలుగురు ఉన్నారు. పదేళ్లుగా పుస్తకంతో వచ్చి తీసుకునే పెద్దాయన ఖాతాలో ఉన్నట్టుండి ఏటీఎం నుంచి వారానికి పదివేలు పోతుంటే, ఎఫ్‌డీ గడువుకు ముందే రద్దయితే, కొత్తగా ఎవరి పేరో జాయింటుగా చేరితే, ఆయన్ని పక్కకు పిలిచి ఒక్కణ్నే అడిగే చనువు మీకుంటుంది. రిజిస్ట్రారు ఆఫీసు సంగతి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి.

ఇప్పుడు వికలాంగుల గురించి. ముప్పై ఏళ్ల కుర్రాడు, పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండవు. తల్లిదండ్రులు పోయాక అన్న ఇంట్లో ఉంటున్నాడు. మాట ముద్దగా ఉంటుంది కానీ బుర్ర చురుకు, క్రికెట్ స్కోర్లన్నీ నోటికొచ్చు. ఒకసారి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం పని మీద మా వాళ్లు వెళ్తే నేల మీద చాప మీద పడుకుని ఉన్నాడు. వీల్‌చైర్ ఏదంటే అన్న అటక మీదకు చూపించాడు. "దించితే బయటికి వెళ్లిపోతాడండీ, పడిపోతాడని భయం." వినడానికి ఎంత ప్రేమగా ఉంది! ఆ కుర్చీ రెండేళ్లుగా అటక మీదే ఉంది. మీ కాళ్లు రెండూ ఎవరైనా తీసి అటక మీద పెడితే దాన్నేమంటారు?

దానికి చట్టంలో పేరుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్. నలుగురిలో అవమానించినా, కొట్టినా, చూసుకునే బాధ్యత ఉండి కావాలని అన్నం నీళ్లు పెట్టకపోయినా, వాళ్లు ఆధారపడే పరికరాన్ని కావాలని పాడుచేసినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. కుర్చీ అటక ఎక్కించడం ఏ లెక్కలోకి వస్తుందో వకీళ్లు వాదించుకుంటారు. కుర్చీని కిందికి దించడానికి మాత్రం వాదన అవసరం లేకపోయింది. ఆ చట్టంలోనే 7వ సెక్షన్ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. వికలాంగుల మీద హింస గానీ దోపిడీ గానీ జరిగిందని, జరుగుతోందని, జరగబోతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా సరే, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు చెప్పొచ్చు. మీ మండలంలో అంటే తహసీల్దారు. "జరగబోతోంది" అన్న మాట చూశారా? దెబ్బ పడేదాకా ఆగమని చట్టం అనలేదు. మనమే ఆగుతున్నాం.

మానసిక జబ్బు ఉన్నవాళ్లను గొలుసుతో కట్టెయ్యడం ఇంకా చూస్తున్నాం. మొక్కు అంటారు, వైద్యం అంటారు, తప్పిపోతాడని అంటారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది లేవలేక కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసు వెయ్యకూడదంది. ఇంట్లోనే అయినా సరే, మానసిక జబ్బు ఉన్న మనిషిని హింసిస్తున్నారనో, గాలికొదిలేశారనో తెలిస్తే స్టేషన్ ఆఫీసరు వెంటనే మేజిస్ట్రేట్‌కు రిపోర్టు చెయ్యాలి. కట్టేసిన కుటుంబాన్ని తిట్టే ముందు ఒక మాట. వాళ్లలో చాలామంది రాక్షసులు కారు, అలిసిపోయినవాళ్లు. డాక్టరు ఎక్కడో తెలియనివాళ్లు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. గొలుసు తీయించి, ఆ నంబరు చేతిలో పెట్టి రండి. రెండూ చెయ్యాలి.

మాట రాని, వినపడని, బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లల మీద లైంగిక దాడుల గురించి ఎక్కువ మాట్లాడలేను, నా గొంతు సహకరించదు. ఒక్కటే చెప్తాను. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఇలాంటి కేసుల్లో పోలీసులే ఆ అమ్మాయి ఇంటికో, ఆమెకు వీలైన చోటికో వచ్చి, సైగల భాష తెలిసినవాళ్లనో, ప్రత్యేక ఉపాధ్యాయులనో పక్కన పెట్టుకుని వాంగ్మూలం తీసుకోవాలి, వీడియో తీయాలి. "ఆమె చెప్పలేదు కదా, కేసు ఎలా నిలుస్తుంది" అనే మాటకు ఇక చోటు లేదు. అలాగే 2024 జులై నుంచి, అరవై దాటినవాళ్లను, వికలాంగులను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మనకూడదు. వాళ్లున్న చోటికే పోలీసులు రావాలి.

అనుమానం తప్పైతే ఎలా అని అడుగుతారు. మంచి ప్రశ్నే. ఒక పక్కింటాయన ఫోన్ చేశాడు, "పెద్దావిడ రోజూ గోడ మీదుగా నన్ను అన్నం అడుగుతోంది, కోడలు తిండి పెట్టడం లేదు" అని. వెళ్లాం. పెద్దావిడకు మతిమరుపు జబ్బు, డిమెన్షియా. తిన్న పావుగంటకు తిన్న సంగతి మర్చిపోతుంది. దిండు కింద డబ్బు తనే దాచుకుని కోడలు దొంగిలించిందంటుంది. కోడలు మమ్మల్ని చూడగానే ఏడవడం మొదలుపెట్టింది. ఏడు నెలలుగా రాత్రి నిద్ర లేదట. ఆ ఫోన్ వల్ల ఎవరూ జైలుకెళ్లలేదు. పెద్దావిడను డాక్టరు చూశాడు, ఆడపడుచు నెలకు పది రోజులు తీసుకెళ్లడానికి ఒప్పుకుంది. పక్కింటాయన క్షమాపణ చెప్పబోతే కోడలే వద్దంది. అందుకే అంటాను, చెప్పడమంటే ఒకరి మీద నేరం మోపడం కాదు. ఇక్కడ ఒకసారి చూడండి అనడం. అలాగని మతిమరుపు ఉందని తెలియగానే వాళ్లు చెప్పే ప్రతిదాన్నీ కొట్టిపారెయ్యకండి. మతిమరుపు ఉన్నవాళ్లను దోచుకోవడం ఇంకా తేలిక.

ఇప్పుడు నా తప్పొకటి. 2015లో ఒక తండ్రి గురించి ఎవరో చెబితే, పెద్దమనిషి తరహాలో ముందుగా కొడుక్కి ఫోన్ చేశాను. "ఏం బాబూ, నాన్నగారి గురించి ఇలా విన్నాం" అన్నాను. మర్నాడు వెళ్లేసరికి ఇంట్లో నాన్నగారు లేరు. పక్క జిల్లాలో చుట్టాలింటికి పంపామన్నారు. మేము ఆయన్ని కనిపెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఆయన చేత రెండు కాగితాల మీద వేలిముద్ర వేయించారు. కాబట్టి చూడగానే వాళ్లను నిలదీయొద్దు, రాజీ చేస్తానని వెళ్లొద్దు. ముందు ఆ పెద్దమనిషితో ఒంటరిగా రెండు నిమిషాలు దొరకబుచ్చుకోండి. గుడికి తీసుకెళ్తాననో, బీపీ చూస్తాననో. "నిన్ను కొడుతున్నారా?" అని సూటిగా అడిగితే లేదనే అంటారు. "రాత్రి ఏం తిన్నావు? ఎవరు పెట్టారు? ఇంట్లో ఎవరంటే కొంచెం భయం?" అని అడగండి. చెప్పాక, "ఎవరికీ చెప్పను" అని ఒట్టు మాత్రం వెయ్యకండి. చెప్పాల్సి వస్తుంది.

తర్వాత రాయండి. రెవెన్యూ వాళ్లం కదా, కాగితం మీద మాకు మమకారం. (నవ్వులు) "కొడుకు పరమ దుర్మార్గుడు" అని రాస్తే అది మీ అభిప్రాయం. "ఫలానా తేదీ మధ్యాహ్నం రెండింటికి గది బయట తాళం వేసి ఉంది, లోపలి నుంచి నీళ్లు అడిగింది, నేను కిటికీలోంచి ఇచ్చాను" అని రాస్తే అది ఆధారం. ఆవిడ అన్న మాటలు ఆవిడ భాషలోనే రాయండి, సరిదిద్దకండి. తేదీ మర్చిపోవద్దు.

ఎవరికి చెప్పాలి? ప్రాణం మీదికొస్తే 112, ఆలోచించొద్దు. మిగతావాటికి వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్, 14567. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది. ఇది దేశమంతా ఉంది గానీ పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 2017లో టాటా ట్రస్ట్స్ వాళ్లు సిటీ పోలీసులతో కలిసి మొదలుపెట్టారు. రోడ్డు మీద వదిలేసిన పెద్దలు కనపడినా ఈ నంబరే. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఇస్తారు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవోనే ట్రిబ్యునల్. తెల్లకాగితం మీద అర్జీ చాలు, వకీలు అక్కర్లేదు. రాలేని స్థితిలో ఉంటే వాళ్ల తరఫున వేరే మనిషి పెట్టొచ్చు, ఎవరూ పెట్టకపోయినా ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకోవచ్చు. ఇందాకటి మామ్మ కేసు అలాగే తీసుకున్నాం. నెలకు 10,000 మించకుండా పోషణ ఖర్చు వేస్తారు, కట్టకపోతే నెల దాకా జైలు. నోటీసు అందిన 90 రోజుల్లో, తప్పనిసరైతే ఇంకో 30 రోజుల్లో తేల్చాలి. తేల్చాలని చట్టం. నేను పనిచేసిన చోట అన్నీ ఆ గడువులో తేలాయని మాత్రం ఈ మైకు ముందు అబద్ధం చెప్పలేను. వదిలించుకుందామని ఎక్కడో వదిలేసి వస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5000 జరిమానా, లేదా రెండూ. మనిషిని వదిలేస్తే ఐదు వేలు! దీని మీద నా అభిప్రాయం ఇక్కడ చెప్తే మైకు పాడవుతుంది.

మనల్ని ఎవరూ అడగరు, అదొక సమస్య. పసిపిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి చెప్పకపోతే, పోక్సో చట్టం ప్రకారం అది కూడా నేరమే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డాక్టర్లు, నర్సులు వృద్ధుల మీద హింసను చూసి ఊరుకుంటే తప్పు, రిపోర్టు చేసి తీరాలి. మీ పిల్లలు అక్కడుంటే అడగండి. ఇక్కడ ఎనభై ఏళ్ల మనిషి వీపు మీద పుండ్లు చూసి డ్రెస్సింగ్ చేసి పంపేసిన కాంపౌండర్‌ను ఏ చట్టమూ ఎందుకు చెప్పలేదని అడగదు.

చీటీలు వచ్చాయి. మొదటిది: "ఇల్లు అబ్బాయి పేర రాసేశాను. ఇప్పుడు చూడటం లేదు. వెనక్కి వస్తుందా?" అడిగినవారు ఈ హాల్లోనే ఉన్నారు, చేతిరాత చూస్తే రిటైర్డ్ టీచరులా ఉన్నారు. బాబూ, ఇందాక చెప్పిన 2007 చట్టంలోనే 23వ సెక్షన్ ఉంది. నన్ను చూసుకోవాలనే షరతుతో రాసిచ్చి, అతను చూడకపోతే, ఆ దస్తావేజు మోసంతో రాయించుకున్నట్టే లెక్క, ట్రిబ్యునల్ రద్దు చెయ్యొచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, షరతు పెట్టి ఇచ్చినట్టు తేలాలి, ఊరికే చూడటం లేదంటే చాలదంది. 2025 జనవరిలో ఇంకో తల్లి కేసులో, ఈ చట్టం పెద్దల మేలు కోసం వచ్చింది, ఆ దృష్టితోనే చదవాలని చెప్పి ఆమె కొడుక్కిచ్చిన గిఫ్ట్ డీడ్ రద్దు చేసింది. అక్కడ కొడుకు చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితం అక్కరకొచ్చింది. మీ దస్తావేజు తీసుకుని రండి, చదువుదాం. ఇంకా రాయనివాళ్లు వినండి. రాయాలనుకుంటే వీలునామా రాయండి, మనసు మారితే మార్చుకోవచ్చు. గిఫ్టే ఇవ్వాలంటే "నా జీవితకాలం ఇందులో ఉండే హక్కు నాది, నన్ను పోషించాలి" అనే వాక్యం దస్తావేజులో ఉండాలి. "ఆ వాక్యం పెడితే అబ్బాయి బాధపడతాడు" అంటారు. బాధపడనివ్వండి. కొంచెంసేపు.

రెండోది: "ఫిర్యాదు చేస్తే వాళ్లు నా మీద కేసు పెడతారేమో?" ఆడవాళ్ల విషయంలో గృహహింస చట్టంలో స్పష్టంగా ఉంది, మంచి ఉద్దేశంతో రక్షణాధికారికి సమాచారం ఇచ్చినవారి మీద ఏ బాధ్యతా ఉండదు. ఆ చట్టం భార్యలకే అనుకుంటారు, తల్లి కూడా కొడుకు మీద వాడుకోవచ్చు. మిగతా చోట్ల, మీరు చూసింది చూసినట్టు రాస్తే భయపడాల్సింది లేదు. చూడనిది కలపకండి.

మూడోది చిన్న చీటీ. పెన్సిలుతో రాశారు. "మా వీధిలో మేనత్త వరస ఆవిడ. చేతికి కట్టు. అడిగితే జారానంటుంది. రెండో నెల. రేపు కనుక్కుని చెప్తాను." పేరు లేదు, మంచిది.

రేపెందుకమ్మా? ఇప్పుడు టైం ఆరున్నర, 14567 ఎనిమిది దాకా తీస్తారు. ఫోన్‌లో మాట్లాడటం బెరుకైతే, మీటింగు అయ్యాక నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. టీ ఇంకా రాలేదు కదా, తాగుతూ ఇద్దరం కలిసి చేద్దాం. మిగతావాళ్లు ఇటు చూడకుండా టీ తాగండి.